చారిత్రక చర్చిల హెచ్‌డీఆర్ ఛాయాచిత్రాలు: వెలుగు, నీడ, ఔచిత్యం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

చారిత్రక చర్చిల లోపలి భాగాలను ఛాయాచిత్రాలలో చూపడంలో మొదటినుండీ ఒక చిక్కు ఉంది. రంగుగాజు కిటికీల వెలుగుకూ, కమానుల కింది చీకటికీ మధ్య ఉన్న అంతరాన్ని ఒకే ఎక్స్‌పోజర్ పట్టుకోలేదు. వేర్వేరు ఎక్స్‌పోజర్లలో తీసిన చిత్రాలను కలిపి ఒకే చిత్రంగా మలిచే హై డైనమిక్ రేంజ్ (హెచ్‌డీఆర్) పద్ధతి ఈ చిక్కును చాలావరకు విప్పింది. అయితే ఈ పద్ధతిలో తయారైన చర్చి చిత్రాల మీద కృత్రిమత అనే ఆరోపణ బలంగా ఉంది. ఆ ఆరోపణలో నిజమెంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎడ్వార్ బాల్డస్ 1851లో తీసిన ఆర్ల్ మఠప్రాంగణ చిత్రం, ఫ్రెడరిక్ ఎవాన్స్ కథీడ్రల్ చిత్రాలు, 1997లో హెచ్‌డీఆర్ పరిశోధనకు ఆధారమైన స్టాన్‌ఫర్డ్ మెమోరియల్ చర్చి చిత్రం ఇందులో ప్రధాన ఆకరాలు. వెలుగును ఎక్కువగా నమోదు చేయడంలో దోషం లేదనీ, ఆ నమోదును తెరకూ కాగితానికీ కుదించే దశలో వెలుగునీడల తారతమ్యం చెరిగిపోవడమే దోషమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ దోషాన్ని నిర్ణయించడానికి భారతీయ అలంకారశాస్త్రంలోని ఔచిత్య భావన ఉపకరిస్తుందని చూపుతుంది.

కీలకపదాలు: హెచ్‌డీఆర్, టోన్ మ్యాపింగ్, చర్చి వాస్తు, రంగుగాజు, ఛాయాచిత్ర విమర్శ, ఔచిత్యం, మెదక్ కథీడ్రల్.

1. ఉపోద్ఘాతం:

ఫోటోగ్రఫీ అనే మాటకు గ్రీకు మూలాలను బట్టి 'వెలుగుతో రాయడం' అని అర్థం. తెలుగులో అదే కళను ఛాయాచిత్రణం అంటున్నాం. సంస్కృతంలో 'ఛాయ' అంటే నీడ. ప్రతిబింబం, కాంతి అనే అర్థాలు కూడా దానికి ఉన్నాయి. ఒక పేరు వెలుగును ప్రధానం చేసింది, మరొక పేరు నీడనూ వెలుగునూ ఒకే మాటలో ఇముడ్చుకుంది. చర్చి లోపలి భాగాన్ని చిత్రించే ఛాయాగ్రాహకుడి ముందున్న సమస్య సరిగ్గా ఈ రెండింటి సంబంధమే.

ఛాయాచిత్రాలను గురించి తెలుగులో వచ్చిన రచనల్లో పరికరాల పరిచయం, మెలకువల వివరణ ఎక్కువ, చిత్రాన్ని ఒక పాఠంగా చదివే విమర్శ తక్కువ. ముఖ్యంగా, చిత్రం తీసిన తర్వాత జరిగే సవరణను సాంకేతిక విషయంగా పక్కన పెట్టేయడం పరిపాటి. కాని హెచ్‌డీఆర్ చిత్రంలో సవరణ అనుబంధం కాదు, చిత్రం రూపొందేదే ఆ దశలో. కనుక సవరణను చదవకుండా ఆ చిత్రాన్ని చదివామనడం కుదరదు. చారిత్రక కట్టడాల విషయంలో దీనికి మరింత ప్రాధాన్యం ఉంది. కట్టడం దగ్గరకు వెళ్లేవారికంటే దాన్ని చిత్రాలలో చూసేవారే ఎక్కువ. ఒక చర్చి లోపల వెలుగు ఎలా ఉంటుందన్న విషయంలో రాబోయే తరాలకు మిగిలే సాక్ష్యం ఈ చిత్రాలే కావచ్చు.

2. సమస్య స్వరూపం:

ఒక దృశ్యంలో అతి ప్రకాశవంతమైన బిందువుకూ అతి చీకటి బిందువుకూ మధ్య ఉన్న నిష్పత్తిని డైనమిక్ రేంజ్ అంటారు. ఛాయాగ్రాహకులు దీన్ని 'స్టాపు'లలో కొలుస్తారు. ఒక్కో స్టాపు వెలుగును రెట్టింపు చేస్తుంది లేదా సగం చేస్తుంది. ఎండ నేరుగా పడుతున్న రంగుగాజు కిటికీని, దాని పక్కనే ఉన్న చెక్క పైకప్పు మూలను ఒకే చట్రంలో పెడితే ఈ అంతరం 17, 18 స్టాపుల దాకా పోవచ్చు. నేటి మంచి కెమెరా సెన్సరు పట్టుకోగలిగేది సుమారు 14 స్టాపులు. మామూలు కంప్యూటర్ తెర చూపగలిగేది దాదాపు 1000:1 నిష్పత్తి, అంటే 10 స్టాపులు. కాగితం మీది అచ్చు అంతకన్నా తక్కువ. దృశ్యం, కెమెరా, తెర, కాగితం అనే నాలుగు మెట్లలో వెలుగు క్రమంగా ఇరుకైపోతుంది.

హెచ్‌డీఆర్ ప్రక్రియలో రెండు విడి దశలున్నాయి. మొదటి దశలో ఒకే చోట స్థిరంగా నిలిపిన కెమెరాతో, ఎక్స్‌పోజర్ కాలాన్ని మాత్రమే మారుస్తూ అనేక చిత్రాలు తీసి, వాటి నుండి దృశ్యంలోని అసలు వెలుగు విలువల పటాన్ని తయారుచేస్తారు. ఇది కొలతకు సంబంధించిన పని. రెండో దశలో ఆ విస్తారమైన విలువలను తెర లేదా కాగితం పరిమితికి కుదిస్తారు. దీనికి టోన్ మ్యాపింగ్ అని పేరు. ఇది వ్యాఖ్యానానికి సంబంధించిన పని. హెచ్‌డీఆర్ మీద జరిగే వాదాల్లో చాలావరకు ఈ రెండు దశలనూ ఒకటిగా కలిపేయడం వల్ల పుట్టినవే. 'ఇది అబద్ధపు చిత్రం' అనేవారు రెండో దశను చూసి మొదటి దశను కూడా నిందిస్తున్నారు. 'ఇది కన్ను చూసినట్టే ఉంది' అనేవారు మొదటి దశ కచ్చితత్వాన్ని రెండో దశకు కూడా ఆపాదిస్తున్నారు.

కన్ను చూసినట్టే అనే వాదాన్ని కొంచెం నిలదీయాలి. చర్చిలోకి అడుగుపెట్టినవారి కన్ను కిటికీ వైపు తిరిగినప్పుడు కనుపాప కుంచించుకుంటుంది. చీకటి మూల వైపు తిరిగినప్పుడు అది విచ్చుకుంటుంది, ఆ మూలలోని చెక్కడం తెలియడానికి కొంత సమయం పడుతుంది. అంటే కన్ను రెండింటినీ చూస్తుంది గాని, ఒకదాని తర్వాత ఒకటిగా చూస్తుంది. హెచ్‌డీఆర్ చిత్రం ఈ వరుసను రద్దు చేసి అన్నింటినీ ఏకకాలంలో ముందు పెడుతుంది. కాబట్టి అది చూపుల మొత్తాన్ని ఇస్తుందనడం సబబు, చూసిన అనుభవాన్ని ఇస్తుందనడం సందేహాస్పదం.

3. పూర్వరంగం – బాల్డస్, ఎవాన్స్:

అనేక నెగెటివ్‌లను కలిపి ఒక చిత్రం చేయడం కంప్యూటర్ తెచ్చిన పని కాదు. 1851లో ఫ్రాన్సు చారిత్రక కట్టడాల సంఘం అయిదుగురు ఛాయాగ్రాహకులను దేశం నలుమూలలకూ పంపింది. మిషన్ ఎలియోగ్రాఫిక్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ పనిలో బాల్డస్, గుస్తావ్ లె గ్రే, మెస్ట్రాల్, ఇపొలిట్ బయార్, ఆన్రీ లె సెక్ పాల్గొన్నారు. శిథిలమవుతున్న, మరమ్మతు కావలసిన కట్టడాలను నమోదు చేయడం వారి బాధ్యత. అందులో చర్చిలు, మఠాలకు పెద్ద స్థానముంది.

ఆర్ల్ పట్టణంలోని సెయింట్ ట్రోఫీమ్ మఠప్రాంగణాన్ని తీసేటప్పుడు బాల్డస్‌కు ఎదురైనది మనం చెప్పుకుంటున్న చిక్కే. కప్పు కింది నడవ చీకటిగా ఉంది. స్తంభాల అవతల ముంగిలి ఎండలో మెరుస్తోంది. ఆయన సుమారు పది కాగితపు నెగెటివ్‌ల భాగాలను కోసి, అతికి, అతుకులు కనబడకుండా కుంచెతో దిద్ది ఒకే చిత్రం తయారుచేశాడు. నడవలోని శిల్పమూ తెలుస్తుంది, బయటి వెలుతురూ తెలుస్తుంది. హెచ్‌డీఆర్ అనే పేరు లేదుగాని, పని అదే. గమనించవలసింది ఏమంటే, ఈ చిత్రం కళాప్రదర్శన కోసం చేసింది కాదు, ప్రభుత్వ నమోదు కోసం చేసింది. చేతిపని నమోదుకు విరుద్ధమని బాల్డస్ అనుకోలేదు. ఒక్క నెగెటివ్‌లో ఉన్నది మాత్రమే సత్యమనే నమ్మకం తర్వాతి కాలపుది.

ఆ నమ్మకానికి బలమైన ప్రతినిధి ఫ్రెడరిక్ ఎచ్. ఎవాన్స్ (1853–1943). లండన్‌లో పుస్తకాల దుకాణం నడిపి, తర్వాత పూర్తిగా ఛాయాచిత్రకళకు అంకితమైన ఎవాన్స్ లింకన్, ఈలీ, వెల్స్ మొదలైన ఇంగ్లండ్ కథీడ్రల్‌ల లోపలి భాగాలను ప్లాటినం ముద్రణలో చూపాడు. నెగెటివ్‌ను దిద్దడం ఆయనకు ఇష్టం లేదు. వెలుగు సరైన కోణంలో పడేదాకా వేచి ఉండడం, దీర్ఘమైన ఎక్స్‌పోజర్ ఇవ్వడం, మధ్యస్థ ఛాయలను మృదువుగా పలికించే ప్లాటినం కాగితం మీద ముద్రించడం ఆయన మార్గం. 1903లో తీసిన వెల్స్ కథీడ్రల్ మెట్ల చిత్రం 'ఎ సీ ఆఫ్ స్టెప్స్' దీనికి ఉత్తమ ఉదాహరణ. అరిగిపోయి అలలుగా కనిపించే మెట్లు కింది నుండి పైకి లేస్తూ, వెలుగు నిండిన కమాను ద్వారం వైపు చూపును తీసుకుపోతాయి. దిగువ ఛాయ గాఢంగా ఉండడం వల్లనే పై వెలుగుకు ఒక గమ్యమనే అర్థం వచ్చింది. ఆ మెట్లన్నీ సమానంగా వెలిగి ఉంటే ఎక్కడమనే భావం ఉండేది కాదు.

అయితే ఎవాన్స్‌ను 'కల్తీలేని' పక్షానా, బాల్డస్‌ను 'కల్తీ' పక్షానా నిలబెట్టడం సరికాదు. తన చట్రంలోకి రాకుండా కుర్చీలను, బల్లలను తీయించిన ఎవాన్స్ నెగెటివ్‌ను దిద్దలేదుగాని చర్చినే దిద్దాడు. ఇద్దరి చేతిలోనూ ఎంపిక ఉంది. ఆ ఎంపిక చిత్రంలో వెలుగునీడల మధ్య ఏ సంబంధాన్ని నిలిపిందన్నదే విమర్శకు అందే ప్రశ్న.

4. స్టాన్‌ఫర్డ్ మెమోరియల్ చర్చి – కొలత నుండి చిత్రానికి:

హెచ్‌డీఆర్ పరిశోధన చరిత్రలో ఒక చర్చికి ప్రత్యేక స్థానముంది. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ సిగ్‌గ్రాఫ్ సదస్సులో సమర్పించిన పత్రం, మామూలు కెమెరాతో తీసిన భిన్న ఎక్స్‌పోజర్ల నుండి దృశ్యంలోని అసలు వెలుగు విలువలను రాబట్టే పద్ధతిని వివరించింది. అందులో ఉదాహరణగా వాడినది కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ మెమోరియల్ చర్చి లోపలి దృశ్యం. ఒక్కో స్టాపు తేడాతో 30 సెకన్ల నుండి సెకనులో 1000వ వంతు వరకు 16 చిత్రాలు తీశారు. ఒక కిటికీ వెనుకనే సూర్యుడు ఉన్నాడు. ఆ దృశ్యంలోని వెలుగు నిష్పత్తి సుమారు 250000:1 అని తేలింది.

ఆ చర్చి ఎంపిక యాదృచ్ఛికమైనా, దాని చరిత్ర ఈ చర్చకు ఆసక్తికరమైన నేపథ్యం. 1893లో మరణించిన లీలండ్ స్టాన్‌ఫర్డ్ జ్ఞాపకార్థం ఆయన భార్య జేన్ స్టాన్‌ఫర్డ్ దీన్ని కట్టించింది. 1903లో ప్రతిష్ఠ జరిగింది. 1906 భూకంపంలో దెబ్బతిని, పునర్నిర్మాణం తర్వాత 1913లో తెరుచుకుంది. 1989 భూకంపంలో మళ్లీ మూతపడి 1992లో తెరుచుకుంది. వెనిస్‌కు చెందిన సాల్వియాటి సంస్థ చేసిన మొజాయిక్‌లు, ఫ్రెడరిక్ లాంబ్ రూపకల్పన చేసిన రంగుగాజు కిటికీలు దీని ప్రత్యేకత. పరుగెత్తే గుర్రపు కదలికలను క్షణంలో వంతులుగా విడదీసి చూపిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ ప్రయోగాలకు 1878లో పాలో ఆల్టోలో ఆశ్రయమిచ్చినవాడు ఇదే లీలండ్ స్టాన్‌ఫర్డ్. కాలాన్ని ముక్కలు చేసి చూపిన ప్రయోగానికి పోషకుడైనవాని స్మారకంలోనే, కాలపు ముక్కలను తిరిగి ఒకటిగా కలిపే ప్రయోగం జరిగింది.

ఈ పద్ధతిలోని ఒక అంశాన్ని విమర్శకులు గమనించాలి. ప్రతి చిత్రంలోనూ మరీ తెల్లబడిన బిందువుల సాక్ష్యానికీ, మరీ నల్లబడిన బిందువుల సాక్ష్యానికీ గణనలో విలువ తక్కువ. మధ్యస్థంగా నమోదైన బిందువు మాటకే బరువెక్కువ. కిటికీ గురించి సెకనులో 1000వ వంతు చిత్రం చెప్పింది నమ్ముతారు, మూల గురించి 30 సెకన్ల చిత్రం చెప్పింది నమ్ముతారు. ఎవరికి తెలిసినది వారినే అడగడం వంటిది ఇది. కొలతగా ఇంతకన్నా నిజాయితీగల మార్గం దొరకదు. హెచ్‌డీఆర్ అబద్ధమనే సాధారణ ఆరోపణ ఈ దశకు వర్తించదు.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. డెబెవెక్ అందుబాటులో ఉంచిన ఈ చర్చి దత్తాంశం టోన్ మ్యాపింగ్ పరిశోధకులందరికీ ఉమ్మడి పరీక్షాంశమైంది. 2002లో ఎరిక్ రైన్‌హార్డ్ బృందం ఆన్సెల్ ఆడమ్స్ జోన్ పద్ధతిని, చీకటిగదిలో ముద్రణకారుడు చేత్తో కొన్నిచోట్ల వెలుగు ఆపి, కొన్నిచోట్ల ఎక్కువ ఇచ్చే పద్ధతిని అనుకరించే విధానాన్ని ప్రతిపాదించింది. అదే ఏడాది డురాండ్, డోర్సీ వెలుగు స్థూల పొరను, వివరాల పొరను విడదీసి స్థూల పొరను మాత్రమే కుదించే మార్గం చూపారు. ఫత్తాల్ బృందం పక్కపక్క బిందువుల మధ్య తేడాలనే కుదించింది. దత్తాంశం ఒకటే, చర్చి ఒకటే, క్షణమూ ఒకటే. ఫలితాలు మాత్రం వేర్వేరు. ఒకదానిలో పైకప్పు పక్కటెముకలు బొమ్మగీసినట్టు తేరిపోతాయి, ఇంకొకదానిలో అవి నీడలో మెల్లగా కలిసిపోతాయి. కొలతలో తటస్థత సాధ్యమే, చూపించడంలో తటస్థత లేదని నిరూపించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం అక్కరలేదు.

5. ఔచిత్య దృష్టి:

చూపించడంలో తటస్థత లేనప్పుడు మంచిచెడ్డలను దేనితో తూచాలి? 'సహజత్వం' అనే కొలబద్ద ఇక్కడ చాలదు. ఏ టోన్ మ్యాపింగూ సహజం కాదు, ఏ ఒక్క ఎక్స్‌పోజరూ సహజం కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ'లో చెప్పిన దృష్టి ఇక్కడ పనికివస్తుంది. మొలనూలు మెడలోనూ, హారం నడుముకూ పెట్టుకుంటే నవ్వులపాలవుతారని ఆయన ఉదాహరణ సారాంశం. నగ చెడ్డది కాదు, చోటు చెడింది. హెచ్‌డీఆర్ చర్చి చిత్రాల్లోని దోషాలు సరిగ్గా ఇలాంటివి.

గోతిక్ వాస్తులో వెలుగు నగ కాదు, ఆశయం. 1144లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ డెనీ గర్భాలయ భాగంలో మఠాధిపతి సుజేర్ కిటికీల వెలుగును దైవసాన్నిధ్యానికి దారిగా భావించాడు. రంగుగాజు తన మీద పడిన వెలుగులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. కనుక లోపల మసక ఏర్పడుతుంది. ఆ మసక ఉన్నందువల్లనే గాజు మణిలా వెలుగుతుంది. చీకటి కిటికీకి వ్యతిరేకి కాదు, ఆధారం. టోన్ మ్యాపింగ్ పటిమ చూపే ఉత్సాహంలో ఆ చీకటిని కిటికీ స్థాయికి లేపితే, కిటికీ రంగుల కాగితం అంటించినట్టు చదునుగా మిగులుతుంది. సవరించినవాడు గోడకు మేలు చేయబోయి కిటికీని చంపాడన్నమాట.

ఈ అనౌచిత్యానికి కొన్ని స్థిరమైన గుర్తులున్నాయి. కిటికీ చట్రాల చుట్టూ, శిఖరాల చుట్టూ తెల్లటి పరివేషం కనిపించడం మొదటిది. పక్కపక్కనున్న వెలుగు, చీకటి ప్రాంతాలను స్థానికంగా సవరించడంలో అతి చేసినప్పుడు ఇది పుడుతుంది. రాయి, చెక్క, ఇత్తడి మూడూ ఒకే రకమైన గరుకుదనంతో మెరవడం రెండోది. రాయికి రాతి తత్వం, చెక్కకు చెక్క తత్వం పోయి అన్నీ ఒకే లోహంతో పోతపోసినట్టుంటాయి. లోపలి దీపాల పసుపు, కిటికీల గుండా వచ్చే పగటి నీలం రెండూ మితిమీరి ఒకదానితో ఒకటి పోటీపడడం మూడోది. బయటి దృశ్యమైతే మబ్బులు తుపాను ముందరి మబ్బుల్లా నల్లబడి, గోపురం తనలో తానే వెలుగుతున్నట్టు కనిపించడం నాలుగోది. ఇవన్నీ ఒకే మూలం నుండి వచ్చాయి. చిత్రంలోని ప్రతి అంగుళమూ సమానంగా మాట్లాడాలనే కోరిక అది. ధ్వనివాదుల పరిభాషలో చెప్పాలంటే, ప్రతిదాన్నీ వాచ్యం చేసేసి సూచనకు చోటు లేకుండా చేయడం.

అయితే చీకటిని పవిత్రమైనదిగా ఆరాధించడం కూడా పొరపాటే. షార్ట్ర్ కథీడ్రల్‌లో ఈ శతాబ్దంలో జరిగిన శుద్ధి పనులు ఇందుకు హెచ్చరిక. శతాబ్దాల కొవ్వొత్తుల పొగ, మసి తొలగించి గోడలకు లేత వన్నెను తిరిగి ఇచ్చినప్పుడు, 2014లో అమెరికన్ వాస్తు విమర్శకుడు మార్టిన్ ఫిల్లర్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. గోడలు తెల్లబడితే గాజు ప్రభ తగ్గుతుందన్నది అభ్యంతరాల్లో ఒకటి. మసి కింద దొరికిన మధ్యయుగపు పూతనే పునరుద్ధరించారని మధ్యయుగ కళాచరిత్రకారులు కొందరు సమర్థించారు. అంటే మనం గోతిక్ గాంభీర్యమని భావిస్తున్న చీకటిలో కొంత భాగం మసి. 2019 ఏప్రిల్ 15న కాలిపోయి, 2024 డిసెంబరులో తిరిగి తెరుచుకున్న పారిస్ నోత్ర్‌దామ్ లోపలి తెలుపు కూడా ఇదే ప్రశ్నను మళ్లీ లేపింది. కనుక చిత్రంలో నీడ ఎంత ఉండాలన్నదానికి ఒకే కొలత లేదు. ఏ కట్టడంలో, ఏ కాలంలో, ఏ గంటలో వెలుగుకూ నీడకూ ఏ తారతమ్యం ఉందో దాన్ని పాటించడమే ఔచిత్యం. పరిమాణం మారవచ్చు, క్రమం మారరాదు.

6. కాలం, సమూహం:

హెచ్‌డీఆర్ చిత్రం ఒక్క క్షణపు చిత్రం కాదు. స్టాన్‌ఫర్డ్ చిత్రాల ఎక్స్‌పోజర్ కాలాలను కూడితే సుమారు ఒక నిమిషం అవుతుంది. అందులో సగం ఒక్క 30 సెకన్ల చిత్రానిదే. ఫలితంగా చివరి చిత్రంలో చీకటి మూల అర నిమిషపు కాలాన్నీ, కిటికీ సెకనులో అతి చిన్న భాగాన్నీ మోస్తాయి. ఒకే చట్రంలో వేర్వేరు వయసుల వెలుగు ఉంటుంది. రాతికి దీనివల్ల నష్టం లేదు. మనుషులకు ఉంది. కదిలే మనిషి కొన్ని ఎక్స్‌పోజర్లలో ఒకచోట, కొన్నింటిలో మరొకచోట నమోదై, కలిపినప్పుడు పారదర్శకమైన దయ్యపు రూపంగా మిగులుతాడు. సాఫ్ట్‌వేర్ పరిభాషలో దీన్ని నిజంగానే 'ఘోస్ట్' అంటారు, దాన్ని తొలగించే ఏర్పాటూ ఉంటుంది. ఆ బెడద లేకుండా ఉండాలని ఛాయాగ్రాహకులు జనం లేని వేళను ఎంచుకుంటారు.

ఈ విధంగా సాంకేతిక అవసరం ఒక సౌందర్య నియమంగా మారింది. ప్రసిద్ధమైన హెచ్‌డీఆర్ చర్చి చిత్రాలు దాదాపుగా నిర్జనమైనవి. తెలుగు బైబిలు పరిభాష ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. గ్రీకు 'ఎక్లేసియా'కు తెలుగు అనువాదకులు వాడిన మాట 'సంఘము'. అది విశ్వాసుల సమూహం పేరు. కట్టడాన్ని చర్చి అనో మందిరం అనో అంటాం. ఇంగ్లీషులో ఒకే మాటలో కలిసి ఉన్న రెండు అర్థాలు తెలుగులో విడిగా ఉన్నాయి. ఆ మాటల్లో చెప్పాలంటే, హెచ్‌డీఆర్ చిత్రం మందిరాన్ని అపూర్వమైన వివరంతో చూపుతూ సంఘాన్ని తొలగిస్తోంది. ఎవాన్స్ బల్లలు తీయించాడు, ఇప్పుడు అల్గారిథమ్ మనుషులను తీసేస్తోంది. ఆరాధన జరిగే కట్టడం పురావస్తువుగా కనిపించడానికి ఇదొక కారణం. ఈ పరిమితికి సాంకేతిక పరిష్కారం ఉంది. కట్టడానికి ఎక్స్‌పోజర్ల శ్రేణిని, సమూహానికి ఒకే ఎక్స్‌పోజర్‌ను వాడి రెండు చిత్రాలను పక్కపక్కన భద్రపరచవచ్చు. మారవలసింది అభిరుచి.

7. మెదక్ కథీడ్రల్ సందర్భం:

తెలుగు నేలమీద ఈ చర్చకు అత్యంత సముచితమైన కట్టడం మెదక్ కథీడ్రల్. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో, కరువు రోజుల్లో పనికి ఆహారం ఇస్తూ నిర్మించిన ఈ గోతిక్ పునరుజ్జీవన శైలి కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. గోపురం ఎత్తు 175 అడుగులు. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ రూపొందించిన మూడు పెద్ద రంగుగాజు కిటికీలలో క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం కనిపిస్తాయి.

ఇంగ్లండ్ చర్చిల వెలుగుకూ దక్కను వెలుగుకూ ఉన్న తేడా ఇక్కడ కీలకం. ఉత్తర అక్షాంశాల మెత్తని, ఏటవాలు వెలుగు కోసం పుట్టిన గోతిక్ కిటికీ, మెదక్‌లో నడినెత్తి ఎండను ఎదుర్కొంటుంది. వెలుపలి వెలుగు తీవ్రత పెరిగేకొద్దీ కిటికీకీ లోపలి మూలకూ అంతరం పెరుగుతుంది. ఉత్తరాది కట్టడాల కోసం రూఢి అయిన ఎక్స్‌పోజర్ శ్రేణి ఇక్కడ చాలకపోవచ్చు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ఈ కిటికీల బొమ్మలు పగటి వెలుగులో, లోపలి నుండి చూసినప్పుడే పలుకుతాయి. చీకటిపడితే లోపలివారికి అవి నల్లని పలకలే. అంటే సాలిస్‌బరీ కిటికీలకు కాలం ఒక అంగం. గంటను, దిక్కును చెప్పని హెచ్‌డీఆర్ చిత్రం ఆ అంగాన్ని నరికేస్తుంది. ఆరోహణ కిటికీని, దాని చుట్టూ ఉన్న గోడను, నేలను సమానంగా వెలిగించి చూపే చిత్రం పర్యాటక ప్రకటనకు సరిపోతుందేమో గాని, ఆ కిటికీ ఏం చేయడానికి అక్కడ ఉందో చెప్పదు.

ఇక్కడ సాక్ష్యం ప్రశ్న కూడా ఉంది. నోత్ర్‌దామ్ కాలిపోకముందే ఆండ్రూ టాలన్ చేసిన లేజర్ కొలతలు ఆ కట్టడపు అతి విలువైన నమోదుల్లో ఒకటయ్యాయి. వందేళ్లు నిండిన మెదక్ కిటికీల గాజు, సీసపు బద్దెలు, రాతి చట్రం ఏ స్థితిలో ఉన్నాయో చెప్పడానికి, సవరణకు ముందు దశలోని హెచ్‌డీఆర్ దత్తాంశం గొప్ప ఆధారం కాగలదు. ఒక్క ఎక్స్‌పోజర్‌లో తెల్లగా కాలిపోయే గాజు వివరం అందులో నిలుస్తుంది. అదే దత్తాంశాన్ని అలంకరించి, అసలు ఫైళ్లను పారేస్తే మిగిలేది అందమైన పోస్టరు మాత్రమే.

8. చిత్రణ, సవరణలకు ప్రమాణాలు:

పై చర్చ నుండి కొన్ని ఆచరణీయ ప్రమాణాలు తేలుతున్నాయి. చిత్రణ దశలో కెమెరా ముక్కాలిపీట మీద స్థిరంగా ఉండాలి. ఎపర్చర్, ఐఎస్ఓ, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మార్చకుండా షట్టర్ కాలాన్ని మాత్రమే మార్చాలి. శ్రేణిలో ఎన్ని చిత్రాలన్నది అలవాటును బట్టి కాక దృశ్యాన్ని బట్టి నిర్ణయించాలి. అతి చీకటి చిత్రంలో అతి ప్రకాశవంతమైన గాజు ముక్క కూడా తెల్లబడకూడదు, అతి వెలుతురు చిత్రంలో అతి చీకటి మూల కూడా నలుసుల నుండి బయటపడాలి. రా ఫైళ్లలో తీయడం తప్పనిసరి.

సవరణ దశలో మొదట కలిపిన 32 బిట్ల ఫైలును మార్చకుండా భద్రపరచాలి. టోన్ మ్యాపింగ్‌లో కిటికీ, గోడ, పైకప్పు, మూల అనే వెలుగు క్రమం తారుమారు కారాదు. స్థానిక వైరుధ్యాన్ని పెంచే సాధనాలను పరివేషం పుట్టే హద్దుకు చాలా ముందే ఆపాలి. దీపపు పసుపును పూర్తిగా తటస్థం చేయడం కూడా ఒక వక్రీకరణే. నిలువు గీతలను సరిదిద్దడం వాస్తు చిత్రణలో సమ్మతమే. ప్రచురించినప్పుడు ఎన్ని ఎక్స్‌పోజర్లు, ఎంత అంతరం, ఏ గంట, ఏ సాఫ్ట్‌వేర్, ఏమి తొలగించారు అన్నవి చిత్రంతోపాటు ఇవ్వాలి. పాఠపరిష్కర్త పాఠాంతరాలను చూపినట్టే ఇది. ఏ పాఠం స్వీకరించామో, ఏది విడిచామో చెప్పని పరిష్కరణను సాహిత్యంలో అంగీకరించం. చారిత్రక చిత్రంలోనూ అంగీకరించనక్కరలేదు.

రెండు కొత్త పరిణామాలు ఈ ప్రమాణాల అవసరాన్ని పెంచుతున్నాయి. నేటి చరవాణులు వరుసగా తీసిన అనేక చిత్రాలను వాడుకరికి తెలియకుండానే కలిపేస్తున్నాయి. 2016లో గూగుల్ పరిశోధకులు వివరించిన పద్ధతిలో, ఎక్స్‌పోజర్ తగ్గించి తీసిన చిత్రాల గుచ్ఛాన్ని కలిపి నీడల నాణ్యత పెంచుతారు. అంటే సందర్శకుడు తీసిన చిత్రం కూడా ఇప్పుడు సంకలనమే. టోన్ మ్యాపింగ్ నిర్ణయం మాత్రం అతనిది కాదు, యంత్రం తయారుచేసినవారిది. రెండోది, అధిక ప్రకాశం చూపగల హెచ్‌డీఆర్ తెరలు వ్యాప్తిలోకి రావడం. వీటి మీద నీడను బలవంతంగా లేపకుండానే కిటికీని నిజంగా వెలిగించవచ్చు. కుదింపు అవసరం తగ్గినకొద్దీ పాత సాకులు చెల్లవు. కిటికీ మీద కన్ను మిటకరించేంత వెలుగు చూపే వీలున్నప్పుడు, మూలను చీకటిగా ఉంచాలా వద్దా అన్నది పూర్తిగా చిత్రకారుడి బాధ్యత అవుతుంది.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, భిన్న ఎక్స్‌పోజర్లను కలపడం చర్చి చిత్రణలో 1851 నుండీ ఉన్న మార్గం, దానికి అబద్ధమనే ముద్ర వేయడం చరిత్రకు విరుద్ధం. రెండు, హెచ్‌డీఆర్‌లో కొలత దశనూ ప్రదర్శన దశనూ విడివిడిగా విమర్శించాలి. స్టాన్‌ఫర్డ్ మెమోరియల్ చర్చి దత్తాంశానికి వచ్చిన భిన్న రూపాలు ఈ భేదానికి ప్రత్యక్ష నిరూపణ. మూడు, సహజత్వం కంటే ఔచిత్యం ఈ చిత్రాలకు మెరుగైన కొలబద్ద. నీడ పరిమాణం మారవచ్చుగాని, వెలుగునీడల క్రమం చెడరాదు. నాలుగు, నిర్జనత హెచ్‌డీఆర్ చర్చి చిత్రాల్లో సాంకేతిక అవసరంగా మొదలై అభిరుచిగా స్థిరపడింది, దాన్ని ప్రశ్నించాలి.

తెలుగు ప్రాంతపు చారిత్రక చర్చిలను గురించి పరిశోధించేవారు చిత్రాలను సాధారణంగా అనుబంధంగానే చేరుస్తున్నారు. వాటిని ఎప్పుడు, ఎలా తీశారో, ఎలా సవరించారో నమోదు చేయడం ఆరంభిస్తే అవి ఆకరాలవుతాయి. మెదక్ కిటికీలను ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే స్థానం నుండి ఎక్స్‌పోజర్ శ్రేణులుగా తీసి, అసలు ఫైళ్లతో సహా ఒక గ్రంథాలయంలో భద్రపరచడం ఒక కళాశాల శాఖ చేయదగిన పని. దానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. కావలసిందల్లా ఒక ముక్కాలిపీట, ఒక కెమెరా, రోజంతా అక్కడ ఉండి వెలుగు కదలికను గమనించే ఓపిక.